ఏడు బుడ్డీల వీపు

తాళాలు బాగుచేసే షాపు పక్కనుంచి పైకి వెళ్ళే మెట్లు చాలా ఇరుకు. ఎక్కేవాళ్ళు ఒక చెయ్యి నడుముమీద, ఇంకో చెయ్యి గోడమీద వేసుకుని, మెట్టుకొక మూలుగు చొప్పున ఎక్కుతారు. దిగేటప్పుడు రెండు చేతులూ హాయిగా ఊపుకుంటూ దిగుతారు. కింద షాపతను తాళంచెవి అరగదీస్తూ, తలెత్తి చూడకుండానే, మూలుగునిబట్టి మెడనొప్పి ఎవరిదో మోకాలినొప్పి ఎవరిదో చెప్పేయగలడు.

పైన రెండే గదులు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, మంచినీళ్ళ కూజా, గోడకి నిలువుటద్దం. లోపలి గదిలో మసాజ్ బల్ల. బోర్లా పడుకున్నవాళ్ళకి ఊపిరాడ్డానికి ఆ బల్లకి తలవైపు మొహం పట్టేంత కన్నం ఉంటుంది. అందులోంచి కిందికి చూస్తే కనిపించేవి మసాజ్ చేసే మనిషి పాదాలు. పాతికేళ్ళుగా ఇదే పని కావడంతో, ఊళ్ళో చాలామందికి ఆమె మొహంకన్నా ఆమె పాదాలే బాగా గుర్తు. ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి తల వంచుకుని నిలబడి, చెప్పుల్లోంచి కనిపిస్తున్న కాలివేళ్ళు చూసి, "అక్కా, బాగున్నారా?" అని ఆ వేళ్ళనే పలకరించాడు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకూ ఒకటుంది. కానీ దాన్ని వాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె బొటనవేలక్క. కుడిచేతి బొటనవేలు తీసుకెళ్ళి సరిగ్గా భుజం రెక్క కింద ఆనించి "ఇక్కడేనా?" అని అడిగేది. ఎంత గడ్డాలూ మీసాలూ ఉన్నవాడైనా "అమ్మో!" అనేవాడు. "ఇక్కడ కాదు" అన్నవాడు ఇంతవరకూ ఆ బల్ల ఎక్కలేదు.

అలాంటి బొటనవేలు మొరాయించింది.

మొదట్లో పొద్దున్న లేవగానే కాస్త బిగుసుకునేది. తరవాత సీసా మూత తిప్పలేకపోవడం, ఆ తరవాత చొక్కా గుండీ పెట్టలేకపోవడం. అక్క ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకుంది. ఆయన వేలిని అటూ ఇటూ తిప్పి, "కీలు అరిగిందమ్మా. దీనికి విశ్రాంతి ఇవ్వాలి" అన్నాడు.

"దీనికిస్తే మిగతా తొమ్మిదీ ఊరుకుంటాయా డాక్టరుగారూ?" అని అడిగి, మందుబిళ్ళలు సంచిలో అడుగున దాచుకుని, వచ్చి పనిలో పడింది. మొగుడికి తెలిస్తే పని మానేయమంటాడు. అత్తగారికి తెలిస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అందుకని వేలు పని మోచేతికి అప్పగించి, మోచేయి పని పిడికిలికి అప్పగించి, నెట్టుకొస్తోంది.

సరిగ్గా అదే సమయంలో రెండు వీధుల అవతల, బేకరీ మీది అంతస్తులో, ఒకాయన దిగాడు. ఆరడుగుల మనిషి. ఒకప్పుడు ఏదో ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళ కాళ్ళు పట్టేవాడట. ఇప్పుడు కప్పింగ్ చేస్తాడు. గాజు కప్పులో గాలి లేకుండా చేసి వీపుమీద బోర్లిస్తే, అది చర్మాన్ని పట్టుకుని కండని పైకి లాగుతుంది. అక్క దగ్గరికొచ్చేవాళ్ళలో కొందరు అటు కూడా ఒక అడుగు వేసి, "అదేదో చాలా బాగుందట అక్కా" అని కన్నంలోంచి నేలకి చెప్పినట్టుగా చెప్పేవాళ్ళు.

"కప్పులు టీ తాగడానికమ్మా. వీపుకి చేతులున్నాయి" అనేది అక్క. అంటూ మోచేత్తో కాస్త గట్టిగానే నొక్కేది. ఆ మాట మళ్ళీ ఎత్తేవాళ్ళు కాదు.

కాపురం ఆ రెండు గదుల పై అంతస్తులోనే. ఇంట్లో సంగతి చూస్తే, ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా సీట్లో కూర్చుని కూర్చుని అతని వీపు రాయిలా బిగుసుకుపోతుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆ వీపు బాధ్యత అక్క నెత్తిన వేసుకుంది. అది మామూలు వీపు కాదు. మెడ దగ్గర మొదలై నడుముదాకా ఒత్తుగా పెరిగిన అడవి. అందులో ఏ కండ ఎక్కడ ముడిపడి ఉంటుందో, ఏ దారిన వెళితే దాన్ని పట్టుకోవచ్చో ఆమెకొక్కదానికే తెలుసు. సెలవురోజు వచ్చిందంటే అతను బోర్లా పడుకోవడం, ఆమె నూనె వేడిచేయడం ఇంట్లో ఒక అలవాటు.

అలాంటిది అతను "వద్దులే, ఇవాళ వీపు బాగానే ఉంది" అన్నాడు. మరుసటి సెలవురోజూ అదే మాట. ఆ పై వారమూ అదే. ఇన్నేళ్ళ కాపురంలో అతని వీపు బాగున్న రోజు లేదు. పైగా ఉక్కపోతలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పడుకోవడం మొదలెట్టాడు.

"జ్వరంగా ఉందా?" అని అడిగింది.

"లేదే. చల్లగాలి తగుల్తుందని" అన్నాడు చెమటలు తుడుచుకుంటూ.

ఆ తరవాత ఒక పొద్దున అక్క బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేస్తోంది. వంటింట్లోంచి మొగుడు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించకపోతే ఆమె వినేది కాదు. తగ్గించాడు కాబట్టి చెవులు రిక్కించింది.

"ఎన్ని బుడ్డీలు? వద్దు మాస్టారూ, పోయినసారి తొమ్మిది వేశాం, రెండ్రోజులు ఒళ్ళు నాది కాకుండా పోయింది. ఈసారి ఏడుతో సరిపెడదాం. ఆఁ, డ్యూటీ దిగగానే వచ్చేస్తా. మా ఆవిడకి మాత్రం తెలియకూడదు సుమా."

అక్క చేతిలోని తువ్వాలు జారి కింద తాళాల షాపతని నెత్తిన పడింది.

తొమ్మిది బుడ్డీలు! పెళ్ళిలో సోడా తాగితేనే ముక్కు మండిందని గంట గొడవ చేసిన మనిషి. బస్సునిండా జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పే మనిషి. అక్క మిగతా తువ్వాళ్ళు అక్కడే వదిలేసింది. తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అత్తగారు కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. కోడలు చెప్పిందంతా విని, దారం కొస నోట్లో తడిచేసి, "తొమ్మిదే?" అన్నారు. "వాళ్ళ నాన్న రెండుకే కుర్చీ ఎక్కి పాటలు పాడేవారు. వీడు తొమ్మిది వేసి నోరు మెదపకుండా పడుకుంటున్నాడంటే ఘటికుడే."

"అత్తయ్యా! ఇదేమన్నా మెచ్చుకునే విషయమా?"

"సరేలే, కంగారుపడకు. సాయంత్రం రానీ. నేను చూస్తాగా."

సాయంత్రం కొడుకు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అత్తగారు ఎదురెళ్ళారు. "ఏదిరా, నోరు తెరు. నీ పన్ను చూడాలి."

"నా పన్నుకేమయిందమ్మా?"

"తెరవమన్నానా?"

తెరిచాడు. ఆవిడ ముక్కు దగ్గరగా పెట్టి పీల్చి, కోడలివైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. మందు వాసన లేదు. అక్కకి నమ్మకం కుదరక తనూ వెళ్ళి, చొక్కా కాలరు సర్దుతున్నట్టు నటిస్తూ ఒకసారి పీల్చింది. నిజమే, మందు వాసన లేదు. కానీ ఇంకో వాసన ఉంది. నీలగిరి తైలం కలిపిన ఏదో నూనె.

అది ఆమె నూనె కాదు.

ఆ సంగతి తెలియగానే అక్క మనసులో తాగుడు వెనక్కి వెళ్ళిపోయింది. మొగుడి ఒంటిమీద పరాయి నూనె! అన్నం వడ్డిస్తున్నా అదే ఆలోచన. అతను తలవంచుకుని తింటున్నాడు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి, మొత్తం గ్లాసు కొడుకు వీపుమీద కుమ్మరించారు.

"అయ్యో, చెయ్యి వణికిందిరా" అన్నారు. పొద్దున్న ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించిన చెయ్యి అది. "చొక్కా విప్పేయ్, జలుబు చేస్తుంది."

"ఫరవాలేదమ్మా, ఆరిపోతుంది" అంటూ అతను లేచాడు. వెనకే అక్క లేచింది. తడిచొక్కా ఒంటికి అతుక్కుపోయి అప్పటికే సగం గుట్టు బయటపెట్టింది. మిగతా సగం అక్క ఒక్క లాగుతో బయటపెట్టింది.

అడవి లేదు. నున్నగా గొరిగిన వీపు. దానిమీద వెన్నెముకకి అటు మూడు, ఇటు మూడు, మెడకింద ఒక పక్కన ఒకటి, నేరేడుపండు రంగులో గుండ్రటి మచ్చలు.

ఆ పని తెలిసిన కళ్ళు కాబట్టి చూడగానే తెలిసిపోయింది. బుడ్డీలంటే ఏమిటో, మాస్టారంటే ఎవరో, ఏడు ఎందుకో అన్నీ ఒక్క క్షణంలో తెలిసిపోయాయి. తాగుడు కాదని సంతోషించాలి కదా. సంతోషం రాలేదు సరికదా, ఒళ్ళు భగ్గుమంది. నిజంగా తాగొచ్చినా ఇంత మంట పుట్టేది కాదేమో.

"ఏంటివి?" అంది.

"బస్సు సీటు గుచ్చుకుందే."

"గుండ్రంగానా?"

"సీటుకి బొత్తాలుంటాయి."

"బొత్తాలు వీపు కూడా గొరుగుతాయా?"

అతను తల్లివంక చూశాడు. తల్లి నేలమీద నీళ్ళు తుడవడంలో మునిగిపోయారు. ఇక దారి లేక, "డ్యూటీ ఉంది, మర్చేపోయా" అని, దిగి గంటైనా కాని డ్యూటీకి మళ్ళీ వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఇంట్లో మాటల్లేవు. "అన్నం", "తాళాలు", "గీజరు" లాంటి ముక్కలే తప్ప పూర్తి వాక్యం వినబడలేదు. పనిలోనూ అక్క ధ్యాస నిలవలేదు. ఒకాయనకి ఎడమ భుజం నొప్పయితే కుడి భుజం నొక్కి పంపింది. ఆయన మెట్లమీద అది గుర్తించి, మళ్ళీ పైకి వచ్చి అడగడానికి ధైర్యం చాలక వెళ్ళిపోయాడట. చివరికి ఆమెకే అనిపించింది, ఇలా కాదు, తాడో పేడో తేల్చుకోవాలని. ఆ మనిషి చేతిలో ఏముందో తన కళ్ళతో చూసి, తప్పులన్నీ పట్టుకుని, మొగుడి ముందు వరసగా చదవాలి.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బేకరీ మీది అంతస్తు ఎక్కింది.

తలుపు తీసిన మనిషి గుమ్మం పట్టనంత ఉన్నాడు. గొంతు మాత్రం పసిపిల్లల్ని నిద్రపుచ్చేవాళ్ళ గొంతులా మెత్తగా ఉంది. "రండి మేడం. మొదటిసారా? ఏం పని చేస్తుంటారు?"

"కుట్టుపని" అంది అక్క.

గదిని తనిఖీ మొదలెట్టింది. దుప్పటి ఉతికినదే. అరలో గాజు బుడ్డీలు సైజులవారీగా ఉన్నాయి. ఇంతకుముందు వాడినవి కడిగి వేడినీళ్ళలోంచి తీసినట్టున్నాయి, తువ్వాలుమీద బోర్లా పడుకుని ఇంకా ఆవిరి కక్కుతున్నాయి. బల్ల ఎత్తు సరిగ్గా లేదేమోనని ఆశపడి తొడ ఆనించి చూసింది. సరిగ్గా ఉంది. అక్కకి ఇంకా కోపం వచ్చింది.

"రక్తం పలచబడే మందులేమన్నా వాడుతున్నారా? చర్మం మీద పుండ్లు, దద్దుర్లు లాంటివి?" అని అడిగాడు మాస్టారు. లేవంది. "సరే. ఇంకో మాట ముందే చెబుతున్నానండీ. మచ్చలు పడతాయి. వారం పదిరోజుల్లో వాటంతటవే పోతాయి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పుకోండి. నాకు గొడవలైపోతున్నాయి."

"ఏం గొడవలు?" అంది అక్క, అప్పటికే బోర్లా పడుకుని, కన్నంలోంచి. పాతికేళ్ళలో ఆ వైపునుంచి చూడటం ఆమెకిదే మొదలు. కింద పడవల్లాంటి రెండు పాదాలు కనిపించాయి.

"ఒకాయన ఇంట్లో చెప్పకుండా వచ్చారు. వాళ్ళావిడ చూసేశారట. పాపం, ఆయనకి అన్నం సహించడం లేదు." పాదాలు కాస్త ఇబ్బందిగా కదిలాయి. "ఆవిడంటే నాకూ దడేలెండి. ఊళ్ళో పెద్ద చెయ్యి. నా వీపు నేను చూసుకోలేను కదా, కొత్తలో ఆవిడకి చూపించుకుందామని మెట్లదాకా వెళ్ళాను. కింద తాళాలాయన, ఏం, తుంటినొప్పా అన్నాడు. నవ్వుతారేమోనని వెనక్కి వచ్చేశా."

అక్క ఆ పాదాలవంకే చూసింది. ఇంకెటైనా చూద్దామంటే మొహం కన్నంలో ఇరుక్కుని ఉంది.

మాస్టారు చేతులు వెచ్చచేసుకుని భుజంమీద నూనె రాశాడు. ముంజేతిదాకా ఒకసారి తడిమి ఆగాడు. "మీది కుట్టుపని కాదండీ."

"ఏం?"

"కుట్టేవాళ్ళకి మెడ పట్టేస్తుంది. మీకు ముంజెయ్యి తాడు పేనినట్టుంది. పిండి పిసుకుతారా? కింద బేకరీలోనా?"

"ఆఁ, అలాంటిదే" అంది అక్క. "పిసికే పనే."

దూది అంటించిన వాసన వచ్చింది. మంట బుడ్డీలోపల ఒక్క క్షణం తిరిగి బయటికొచ్చేయడం, బుడ్డీ వీపుమీద కూర్చోవడం ఒక్కసారే జరిగాయి. చురుక్కుమంటుందేమోనని బిగుసుకుంది గానీ వెచ్చగా తగిలింది అంతే. తరవాత చర్మం, దాని కింద కండ, నెమ్మదిగా పైకి లేవడం మొదలుపెట్టాయి. ఇంకోటి. ఇంకోటి. ముంజేతిమీద చిన్నది ఒకటి.

ఇన్నేళ్ళూ ఆమె ఊళ్ళోవాళ్ళ వీపులన్నిటినీ కిందికి నొక్కింది. తన వీపుని ఎవరో పట్టుకుని పైకెత్తడం ఆమెకి తెలియదు. అసలు తన వీపు ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్కవేద్దామనుకుంది. లెక్క తెగలేదు. తప్పులు పట్టుకోవాలని కూడా గుర్తుంది. ముందు ఈ ఒక్క భుజం సంగతి తేలనీ, తరవాత చూద్దాం అనుకుంది. అనుకుంటూ నిద్రపోయింది. మామూలు నిద్ర కాదు, గురకపెట్టి మరీ.

మెలకువ వచ్చేసరికి బుడ్డీలు తీసేసి దుప్పటి కప్పి ఉంది. లేచి, చొక్కా సర్దుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చింది. అక్కడ కుర్చీలో, ఒళ్ళో బన్నుల పొట్లం పెట్టుకుని, మొగుడు కూర్చుని ఉన్నాడు.

"మీరా!"

"నువ్వా!"

వెనకనుంచి మాస్టారు, "మేడం, ఇవాళ నీళ్ళు ఎక్కువ తాగండి, చల్లటి నీళ్ళతో స్నానం..." అంటూ వచ్చి ఆగిపోయాడు. "మీకు ఈవిడ తెలుసా అండీ?"

"ఈవిడే" అన్నాడు డ్రైవరు నీరసంగా.

"ఏవిడ?"

"ఆవిడ."

మాస్టారు చేతిలోని బుడ్డీని గుండెలకి హత్తుకుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది. "గురకపెడుతుంటే పాపం బేకరీ మనిషి బాగా అలిసిపోయిందనుకున్నానండీ" అన్నాడు ఎవరికీ కాకుండా.

అక్కకి నవ్వు వచ్చింది. వచ్చినా చూపించకుండా మెట్లు దిగింది. మొగుడు పొట్లంతో సహా వెనకే దిగాడు. వీధిలో కాసేపు ముందూ వెనకా నడిచి, బస్టాపు దగ్గరికొచ్చేసరికి పక్కపక్కన పడ్డారు.

"ఇక రానని చెప్పడానికి వచ్చా. ఫోన్లో చెబితే బాగోదని" అన్నాడతను.

"ఎవరు మానేయమన్నారు మిమ్మల్ని?"

"నువ్వేగా మాట్లాడటం మానేశావు."

"ఇన్నేళ్ళు సాకాను ఆ వీపుని. నాతో ఒక్క మాటనకుండా పట్టుకెళ్ళి పరాయి చేతిలో పెట్టారు. నా చెయ్యి పనికిరాకుండా పోయిందా?"

 బస్సొకటి వచ్చి ఆగింది. అందులో డ్రైవరు ఇతన్ని చూసి చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళిపోయాక అన్నాడు. "టూత్‌పేస్టు మూత నువ్వు పళ్ళతో తీస్తున్నావు. మూతంతా గాట్లు. అది ఎలకలు కొరికినట్టుంటే నాకు కనబడదా?"

అక్క చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వీపుమీద పడేది నీ వేలో నీ మోచెయ్యో నాకు తెలీదటే? పైగా గట్టిగా నొక్కినప్పుడల్లా నువ్వు ఊపిరి బిగబడతావు. పైన నీకు నొప్పి పుడుతుంటే కింద నాకేం సుఖం? అలాగని నొప్పి తీరక బండి తోలలేను. ఈయన దగ్గరికి పోతే రెండూ తీరతాయనుకున్నా."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పావా, వేలు సంగతి?"

 అక్క పొట్లం లాక్కుని ఒక బన్ను తీసి కొరికింది. నములుతూ రోడ్డువంక చూసింది. కళ్ళద్దాలు నల్లవి కావడం మంచిదైంది.

"అది సరే, ఆ గొరుగుడు ఎవరు చేశారు?" అంది కాసేపటికి.

"మా అమ్మ."

అక్క నోట్లో బన్ను అలాగే ఉండిపోయింది.

ఇంటికెళ్ళి నిలదీస్తే అత్తగారు తడుముకోలేదు. "వెంట్రుకలుంటే బుడ్డీ నిలవదు, గాలి పోతుందన్నాడు ఆ మాస్టారు. కన్నతల్లిని, నేను కాక ఎవరు గొరుగుతారు? ఎవరికీ చెప్పనని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నీళ్ళు ఒలకబోయనని ఒట్టు వేయలేదుగా."

"అయితే ఆ నోరు వాసన చూడటం, రెండుకే పాటలు పాడటం?"

"పాటలు నిజమే" అన్నారు ఆవిడ.

మర్నాడే అక్క మళ్ళీ బేకరీ మెట్లు ఎక్కింది, ఈసారి కళ్ళద్దాలు లేకుండా. మాస్టారు ఆమెని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకండి. మీ వీపు నేను చూస్తా. మీ బుడ్డీలు నాకు నేర్పండి" అంది.

అలా మొదలైంది చదువు. మంట పెట్టే గాజువి ఇప్పుడే వద్దని, చేతిపంపుతో గాలి లాగే ప్లాస్టిక్ కప్పుల పెట్టె ఒకటి ఇచ్చాడు మాస్టారు. వెన్నెముకమీద పెట్టకూడదనీ, పుట్టుమచ్చలమీద, ఉబ్బిన నరాలమీద పెట్టకూడదనీ, ఎక్కువసేపు వదిలేస్తే పొక్కులొస్తాయనీ చెప్పాడు. అక్క వింది. విన్నంత తేలిగ్గా చెయ్యి వినలేదు. మొదటి పాఠం మొగుడి వీపుమీదే. అప్పటికి అడవి మళ్ళీ మొలకెత్తింది. ఒక కప్పు పెట్టి రెండోది పంపు కొడుతుంటే మొదటిది టప్‌మని ఊడి మంచంకిందికి దొర్లేది. దానికోసం వంగితే రెండోది ఊడేది. "కదలకండి" అంటే, "నేనెక్కడ కదిలానే, ఊపిరి పీల్చా" అనేవాడు. ఉక్రోషమొచ్చి మూడోదానికి పంపు రెండుసార్లు ఎక్కువ కొట్టింది. అతను వేసిన కేకకి కింద తాళాలతను సుత్తి పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చాడు.

పోగా పోగా పట్టు దొరికింది. ముందు కప్పులు పెట్టి కండని వదులుచేయడం, తరవాత అరచేత్తో, ముంజేత్తో పని కానిచ్చుకోవడం, ఎక్కడో మొండి ముడి మిగిలితే మాత్రమే వేలు దించడం. వేలు నయమైపోలేదు. పొద్దున్న పూట ఇప్పటికీ బిగుసుకుంటుంది. కాకపోతే సాయంత్రానికి ఏడవడం మానింది. వాడుకగా వచ్చేవాళ్ళు మొదట మొహం చిట్లించారు. "అక్కా, కప్పులు టీ తాగడానికన్నావుగా?" అని ఒకాయన గుర్తుచేస్తే, "అప్పుడు టీ తాగా, ఇప్పుడు పని చేస్తున్నా" అని పంపు అందుకుంది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పడానికి మాత్రం లేదు. పాటల టీచరమ్మ ఒకావిడ మధ్యాహ్నం వచ్చి మెడ పట్టేసిందంటే, ఆ రోజు జనం ఎక్కువై, అక్క కప్పులు పెట్టింది గానీ మచ్చల సంగతి చెప్పడం మరిచిపోయింది. సాయంత్రం ఫోను.

"అక్కా! నా వీపుమీద చిరుతపులి ఉంది!"

ఆవిడకి ఇంకో గంటలో స్టేజీమీద కచేరీ. వేసుకోవాల్సిన గౌనుకి ముందువైపు మెడదాకా గుడ్డ ఉంది, వెనకవైపు నడుముదాకా లేదు. అక్క పౌడరు డబ్బాలు సంచిలో వేసుకుని హాలుకి పరిగెత్తింది. ఒక పొర రాస్తే మచ్చ ఊదా అయింది, రెండు పొరలు రాస్తే బూడిదరంగు అయింది, మూడు పొరలకి సున్నం కొట్టిన గోడలా అయింది. తుడిచేసి ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి టీచరమ్మే ఒక ఉపాయం ఆలోచించింది. పక్కవాటుగా స్టేజీ ఎక్కి, పాడినంతసేపూ జనానికి వీపు చూపించలేదు. పాట అయ్యాక నమస్కారం పెట్టి, ఆ వంగిన భంగిమలోనే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తెరచాటుకి వెళ్ళిపోయింది. శ్రోతలంటే ఈ గాయనికి ఎంత గౌరవమో చూశారా అని హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అక్క తెరవెనక చెమటలు తుడుచుకుంటూ కూర్చుంది. టీచరమ్మ వచ్చి, "మెడ మాత్రం అద్భుతంగా తిరుగుతోంది అక్కా" అంది, కొట్టాలా వద్దా అన్నట్టు చూస్తూ.

మాస్టారు ఇప్పుడు వారానికోసారి తాళాల షాపు పక్క మెట్లు ఎక్కుతున్నాడు. బల్ల చివర ఆయన పాదాలు గాల్లో వేలాడుతుంటాయి. అంత మనిషికీ పక్కటెముకల దగ్గర చక్కిలిగింతలు. అక్క అరచెయ్యి అటు వెళితే చాలు, బల్లతోసహా ఊగిపోతూ నవ్వుతాడు. నడుము కింది ముళ్ళు విప్పడం తన వల్ల కాదనిపిస్తే అక్క దగ్గరికి పంపుతాడు. గాజు బుడ్డీలు పడాల్సిన వీపు అనుకుంటే ఆమె అటు పంపుతుంది.

ఇదంతా చూసి అత్తగారికి కూడా బుడ్డీలు కావాలనిపించింది.

"కుదరదత్తయ్యా. మీ చర్మం పలచన. పైగా రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. కావాలంటే పాదాలు పడతా" అంది అక్క.

ఆవిడ మాట్లాడకుండా చెప్పులేసుకుని బేకరీవైపు బయల్దేరారు. మాస్టారు గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి, "బామ్మగారూ, ఇప్పుడే కోడలుగారు ఫోన్ చేశారండీ" అన్నాడు. ఆవిడ బన్నులు కొనుక్కుని తిరిగొచ్చి, "ఇద్దరూ కుమ్మక్కయ్యారు" అని ముందుగదిలో కుర్చీలో కూర్చుండిపోయారు.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు ఆవిడ కొలువు అక్కడే. మచ్చల సంగతి వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పే పని ఆవిడే తీసుకున్నారు. కొడుకు వీపు మొదలుకుని కచేరీదాకా మొత్తం చెబుతారు. తొమ్మిది బుడ్డీలు ఈమధ్య పన్నెండయ్యాయి. లోపల ఖాళీ అయి పిలుపు వచ్చినా, "ఉండమ్మా, ఇంకొంచెమే ఉంది" అని వినేవాళ్ళే ఆగుతున్నారు.

మొన్న ఒక కుర్రాయన మెడ వంకరగా పట్టుకుని కూర్చుని, కథ అంతా విని, "అయితే బామ్మగారూ, అసలు నొప్పి పుడుతుందా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా" అన్నారు ఆవిడ లోపలిగదికి వినబడేట్టు. "నాకు పెట్టనిస్తేగా!"